ఎండకూ ఒక కాటా

పల్నాడు ఎండ గురించి పల్నాడు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వేసవి వచ్చిందంటే పేపర్లో రెంటచింతల పేరు కనిపించాల్సిందే. ‘నిప్పుల కుంపటి’ అంటూ ఓ శీర్షిక, కింద 45 డిగ్రీలు దాటిందని ఓ అంకె. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మాచర్ల బస్టాండు ఖాళీ. గురజాల వీధుల్లో నాపరాళ్ల అరుగుల మీద కాలు మోపలేం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఇక్కడివాళ్లకు సామెతలా అనిపించదు, కళ్లారా చూసిన సంగతిలా అనిపిస్తుంది.

అయితే ఓ చిన్న విషయం. పేపర్లో వచ్చే ఆ అంకె నిజానికి ఎండది కాదు, నీడది! వాతావరణ కేంద్రంలో థర్మామీటరును ఎండలో పెట్టరు. తెల్లరంగు వేసిన చెక్క పెట్టెలో, గాలి ఆడేలా రెక్కలు అమర్చి, నేలకు మనిషి ఛాతీ ఎత్తున నీడలో ఉంచుతారు. అది చెప్పేది గాలి ఎంత వేడెక్కిందన్న సంగతి మాత్రమే. సూర్యుడి నుంచి వచ్చి మన చర్మాన్ని తాకే వెలుగులో కంటికి కనిపించని భాగం ఒకటుంది. అది ఎంతుందో ఆ పెట్టెకు తెలియదు.

ఆ భాగమే అతినీలలోహిత కిరణాలు. వాడుకలో యూవీ.

వీటిని కనిపెట్టిన కథ తమాషాగా ఉంటుంది. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండను పట్టకంలోంచి పంపి ఏడు రంగులుగా విడగొట్టాడు. ఎరుపు రంగు దాటాక, ఏ వెలుగూ లేని చోట థర్మామీటరు పెడితే పాదరసం పైకెక్కింది. అక్కడ కనిపించని వేడి కిరణాలున్నాయని తేలింది. మరుసటి ఏడాది, 1801లో, జర్మనీలో యోహాన్ రిట్టర్ రెండో చివరను పరీక్షించాడు. ఊదా రంగు దాటిన చోట వెండి లవణం పూసిన కాగితం ఉంచితే, మిగతా రంగుల్లో కన్నా అక్కడే తొందరగా నల్లబడింది. ఒక చివర వేడి చేసేది, రెండో చివర రసాయన మార్పు తెచ్చేది. రెండూ ఒకే సూర్యుడి బిడ్డలే. కానీ ఒకదాన్ని కొలిచే సాధనం రెండోదాన్ని కొలవలేదు.

వేడి వేరు, యూవీ వేరు

ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతుంటాయి. ‘ఇవాళ ఎండ లేదులే’ అనుకుంటాం. చల్లటి గాలి వీస్తుంటే చర్మానికి ఏమీ కాదనుకుంటాం. యూవీ గాలి వేడిని బట్టి ఉండదు. సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడు, పైన ఓజోన్ పొర ఎంత మందంగా ఉంది, మబ్బు ఎంతుంది అన్నవాటిని బట్టి ఉంటుంది. పల్నాడు ఉన్న అక్షాంశంలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే నెల మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారం అటూ ఇటూగా మరోసారి. మేలో గాలి సెగలు కక్కుతుంది కాబట్టి జాగ్రత్తపడతాం. ఆగస్టులో వానలు పడి చల్లబడి ఉంటుంది. మబ్బు తొలగిన ఒక్క గంటలో పొలంలో కలుపు తీసే మనిషి వీపు మీద పడే యూవీ మాత్రం మే నెల ఎండకు ఏమంత తీసిపోదు.

రెండో తేడా ఇంకా ముఖ్యమైంది. వేడి తగిలితే ఒంటికి వెంటనే తెలుస్తుంది, చెయ్యి వెనక్కి తీసుకుంటాం. యూవీ ఎక్కువైతే ఆ క్షణాన ఏమీ తెలియదు. ఎనిమిది గంటల తర్వాతో, మరుసటి రోజుకో చర్మం ఎర్రబడి మండుతుంది. అంటే ఒళ్లు చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే దీనికి కొలత కావాలి.

కెనడా 1992లో మొదలుపెట్టిన యూవీ ఇండెక్స్ ఇప్పుడు ప్రపంచమంతా వాడుకలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 2002లో దానికి ఒకే పద్ధతి ఖాయం చేశాయి. మూడు దాటితే టోపీ, గొడుగు కావాలి. పదకొండు, ఆపైన అయితే అత్యంత తీవ్రం. మన దక్షిణాదిలో నిర్మలంగా ఉన్న వేసవి మధ్యాహ్నం ఆ గీత దాటడం మామూలే.

అలాగని యూవీ అంతా చెడ్డదేం కాదు. ఒంటికి విటమిన్-డి తయారయ్యేది దానివల్లే. ఏ పూట ఎండ అందుకు పనికొస్తుందో తిరుపతిలోనే పరీక్షించి చూశారు. వైద్యుడు సి.వి.హరినారాయణ్, అమెరికాలో విటమిన్-డి పరిశోధకుడిగా పేరున్న మైకేల్ హోలిక్ తదితరులు 2013లో ఆ ఫలితాలు ప్రచురించారు. చర్మంలో ఉండే మూలపదార్థాన్ని చిన్న గాజు గొట్టాల్లో నింపి, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటకొకటి చొప్పున ఎండలో ఉంచి, అందులో ఎంత మారిందో లెక్కగట్టారు. ఎక్కువగా మారింది పదకొండు నుంచి రెండు గంటల మధ్యలోనే! పొద్దుటి లేత ఎండ ఒంటికి హాయిగానే ఉంటుంది కానీ అందులో ఈ కిరణాలు తక్కువ. ఆ గాజు గొట్టాలు కూడా ఒక రకంగా ఎండను తూచే కాటాలే.

కల్లంలో, కొట్లో, వంటింట్లో

యూవీ అనగానే ఏదో ప్రయోగశాల సంగతి అనుకోనక్కర్లేదు. నరసరావుపేటలో ఏ పెద్ద కొట్టుకు వెళ్లినా గల్లాపెట్టె పక్కన ఊదారంగు దీపం కనిపిస్తుంది. అయిదొందల నోటును దాని కింద పెడితే అంకెలు, కాగితంలోని సన్నటి పోగులు మెరుస్తాయి. దొంగనోటును పట్టించేది ఈ వెలుగే.

మిర్చి ఎగుమతికీ దీనితో పనుంది. కల్లంలో కాయలు సరిగ్గా ఎండక తేమ మిగిలితే ఓ రకం బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. విదేశాల వాళ్లు సరుకు వెనక్కి పంపడానికి ఇదీ ఓ కారణం. యూవీ వెలుగులో ఈ విషాల్లో కొన్ని నీలంగా, కొన్ని ఆకుపచ్చగా మెరుస్తాయి. వాటికి ‘బీ’ రకం, ‘జీ’ రకం అన్న పేర్లు వచ్చింది ఆ బ్లూ, గ్రీన్ రంగుల నుంచే.

ఇక వంటింట్లో నీళ్ల ఫిల్టరు. అందులోని యూవీ దీపం సూక్ష్మజీవుల్ని చంపుతుంది. వినుకొండ వైపు ఊళ్లను పీడించే ఫ్లోరైడ్‌ను మాత్రం అది ఏమీ చేయలేదు. ఇంకో సంగతేమిటంటే, ఆ దీపం నీలంగా వెలుగుతూనే ఉంటుంది కానీ నాళ్లు గడిచే కొద్దీ దాని అసలు శక్తి తగ్గిపోతుంది. కంటికి కనిపించే నీలం వేరు, క్రిముల్ని చంపే కిరణం వేరు. మొదటిది బాగానే ఉందని రెండోదీ బాగుందనుకుంటే మోసపోతాం. ఏడాదికోసారి దీపం మార్చమని చెప్పేది అందుకే.

ఇవన్నీ ఒక ఎత్తు. మనిషి ఒంటి మీద నేరుగా ఈ దీపాలు వేసే చోటు మరో ఎత్తు. అదే చర్మవైద్యుల దగ్గర బొల్లికి, సోరియాసిస్‌కు చేసే వెలుగు చికిత్స.

చాపకూడు నాట చాప వేరు

బొల్లి ప్రాణం తీసే జబ్బు కాదు. నొప్పి ఉండదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. చర్మానికి రంగునిచ్చే కణాలను మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున దెబ్బతీయడం వల్ల వస్తుంది. ప్రపంచ జనాభాలో అర శాతం నుంచి రెండు శాతం మందికి ఉంటుందని అంచనా. పాప్ గాయకుడు మైకేల్ జాక్సన్‌కూ ఉండేది. ఆయన చనిపోయిన జూన్ 25నే ఏటా ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు.

కానీ మన ఊళ్లలో దీన్ని ‘తెల్లకుష్టు’ అనేస్తారు. కుష్టుకూ దీనికీ సంబంధమే లేదు. అయినా సంబంధాలు తప్పిపోతాయి. అక్కకుంటే చెల్లెలి పెళ్లీ ఆగుతుంది. బంతిలో పక్కన కూర్చున్నవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వేరేచోటికి వెళతారు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు తిరిగిన నేల ఇది. ఆ కథను వీరుల పాటల్లో వింటూ పెరిగిన ఊళ్లలోనే ఓ ఆడపిల్ల మోకాలి మీద మచ్చ చూసి చాప వేరు చేస్తారు.

గురజాల దగ్గర ఓ ఊళ్లో అలాంటి అమ్మాయే ఒకతె. పదో తరగతిలో ఉండగా మోకాళ్ల మీద, చేతివేళ్ల కొనల మీద మచ్చలు మొదలయ్యాయి. నాయనమ్మకు తెలిసిన వైద్యం బావంచాలు. ఆ గింజలు నూరి మచ్చ మీద పట్టించి ఎండలో కూర్చోబెట్టాలి. “మా పెద్దలంతా చేసిందే, ఏం కాదులే” అంది.

నిజానికి నాయనమ్మ చెప్పింది మూఢనమ్మకం కాదు. బావంచాల్లో సోరాలిన్ అనే పదార్థం ఉంది. అది చర్మంలోకి ఇంకాక యూవీ తగిలితే రంగు కణాలు మళ్లీ కదులుతాయి. మన దేశంలో వందల ఏళ్లుగా ఈ గింజలు వాడుతున్నారు. ఈజిప్టులో నైలు నది ఒడ్డున పెరిగే మరో మొక్కను ఇలాగే వాడేవారు. 1940లలో కైరో వైద్యుడు ఎల్ మోఫ్టీ దాన్నుంచి తీసిన మందును బొల్లి రోగులకు ఇచ్చి చూశాడు. 1974లో అమెరికా వైద్యులు సోరాలిన్ మాత్ర, యూవీ దీపం కలిపి సోరియాసిస్‌కు చికిత్స చేశారు. అంతకుముందే, 1903లో, వెలుగుతో చర్మక్షయకు వైద్యం చేసిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

నాయనమ్మ వైద్యంలో లోపం మందులో లేదు, కొలతలో ఉంది. ఎంతసేపు కూర్చోవాలి? పొద్దున పది నిమిషాలూ, మధ్యాహ్నం పది నిమిషాలూ ఒకటి కాదు. డిసెంబరు ఎండా మే నెల ఎండా ఒకటి కాదు. పల్నాడు ఎండలో ఓ అయిదు నిమిషాలు ఎక్కువైతే చాలు, మచ్చ ఉన్నచోట నీటిబుడగలు లేస్తాయి. ఆ అమ్మాయికి అదే జరిగింది. దాంతో తల్లి కూతుర్ని తీసుకుని పిడుగురాళ్ల మీదుగా బస్సెక్కి పట్నంలో చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లింది.

నిమిషాల లెక్క

ఇప్పుడు బొల్లికి ఎక్కువగా వాడేది నారోబ్యాండ్ యూవీబీ. 311 నానోమీటర్ల దగ్గర సన్నటి పట్టీలో మాత్రమే వెలుగునిచ్చే ట్యూబులివి. ఇవి బొల్లికి పనిచేస్తాయని 1997లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంతో ఈ చికిత్స అన్ని దేశాలకూ పాకింది. మాత్ర మింగక్కర్లేదు. బీరువాలాంటి పెట్టెలో నిలబడితే చుట్టూ ట్యూబులు వెలుగుతాయి. కళ్లకు నల్లటి అద్దాలు పెడతారు. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి వెళ్లాలి.

దీని మోతాదు నిమిషాల్లో ఉండదు, మిల్లీజౌళ్లలో ఉంటుంది. మొదటిసారి చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజౌళ్లు ఇవ్వడం ఎక్కువమంది పాటించే పద్ధతి. పడుతున్న కొద్దీ ఒక్కో దఫాకు పది నుంచి ఇరవై శాతం పెంచుకుంటూ పోతారు. లెక్క చాలా తేలిక. ట్యూబుల శక్తి నాలుగు మిల్లీవాట్లనుకోండి. 200ను నాలుగుతో భాగిస్తే 50 సెకన్లు. అదే పాతబడి రెండు మిల్లీవాట్లకు దిగిపోయిన ట్యూబులైతే 100 సెకన్లు నిలబడాలి. పొలానికి నీళ్లు పెట్టేటప్పుడు మోటారు ఎంత ధారగా పోస్తుందో చూసుకుని ఎన్ని గంటలు వేయాలో తేల్చుకోవడం రైతుకు తెలియనిది కాదు. ఇదీ అంతే.

ఆ అమ్మాయి కార్డు మీద మాత్రం మిల్లీజౌళ్లు లేవు. ‘3 నిమిషాలు’, ‘4 నిమిషాలు’, ‘5 నిమిషాలు’ అని మాత్రమే రాసుంది. నాలుగు నెలలు సాఫీగా సాగింది. మోకాళ్ల మీద తెల్లటి మచ్చలో నువ్వుగింజలంత నల్లటి చుక్కలు కనిపించడం మొదలైంది. వెంట్రుక కుదుళ్ల దగ్గర్నుంచి రంగు తిరిగొచ్చే తీరు అది. తల్లి ఆ చుక్కల్ని రోజూ లెక్కపెట్టుకునేది.

ఓ రోజు పెట్టెలో ట్యూబులు మాడిపోతున్నాయని అన్నీ మార్చారు. కార్డు ప్రకారం అయిదు నిమిషాలు పెట్టారు. లోపలున్నంత సేపూ అమ్మాయికి తేడా తెలియలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కబుర్లు చెబుతూనే ఇంటికొచ్చింది. అర్ధరాత్రి లేచి కూర్చుంది. మోకాళ్లు, వీపు, చేతులు... ఒళ్లంతా నిప్పులు పోసినట్టు మంట. పొద్దునకల్లా మచ్చలున్న చోట బుడగలు లేచాయి. బొల్లి ఉన్నవాళ్లకు చర్మం కాలితే, ఆ కాలిన చోట కొత్త మచ్చలు పుట్టే ప్రమాదం కూడా ఉంటుంది. కాలింది ఒళ్లే కాదు, ఇంటిల్లిపాదికీ ఉన్న నమ్మకం కూడా.

“దీనికన్నా మా బావంచాలే నయం కదంటే” అంది నాయనమ్మ. తల్లి దగ్గర జవాబు లేదు.

మీటరుతో వచ్చిన కుర్రాడు

నెలన్నర తర్వాత బంధువులు చెప్పగా తల్లి ఇంకో వైద్యురాలి దగ్గరికి వెళ్లింది. ఆమె కార్డు తిరగేసి మొదట అడిగింది ఒకే మాట. “మధ్యలో ట్యూబులేమన్నా మార్చారా అమ్మా?”

ఆ రోజు అక్కడే ఓ కుర్రాడు ఉన్నాడు. నరసరావుపేట దగ్గరి పల్లెటూరివాడే. ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే పని. పొడుగు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు, ముఖానికి అద్దం తొడుగు వేసుకుని పెట్టెలోకి దిగాడు. ట్యూబులు వెలిగించాక వెంటనే కొలవలేదు. పదినిమిషాలు ఆగాడు. దీపం వేడెక్కి నిలకడకొచ్చేదాకా వచ్చే అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. తర్వాత ఛాతీ ఎత్తున, నడుం ఎత్తున, మోకాలి ఎత్తున, నాలుగు దిక్కులా చిన్న బిళ్లలాంటి సాధనాన్ని పట్టుకుని అంకెలు రాసుకున్నాడు.

“ఏంది బాబూ అది?” అని అడిగింది తల్లి.

“మీటరమ్మా. ఈ దీపం బలం ఎంతో చెబుతుంది.”

“ఆళ్ల దగ్గర కూడా ఉందంటగా ఇట్టాంటిది, బీరువాలో?”

కుర్రాడు కాసేపు ఆగాడు. “ఉంటే చాలదు పిన్నీ. అది నిజం చెబుతుందో లేదో చూసుకోవాలి. మిర్చి యార్డుకు పోతారు కదా. కాటా మీద ముద్ర చూడకుండా టిక్కీలు తూకం వేయిస్తారా?”

ఆ మాట ఆమెకు ఠక్కున అర్థమైంది. టిక్కీకి కిలో తేడా వస్తే ఏడాది కష్టంలో ఎంత పోతుందో గుంటూరు యార్డుకు బండి కట్టిన ప్రతి పల్నాటి రైతుకూ తెలుసు. తూనికలు, కొలతల శాఖవాళ్లు ముద్ర వేయని కాటాను నమ్మరు. మరి ఒంటి మీద పడే వెలుగును తూచే కాటాకు ముద్ర అక్కర్లేదా?

ఆ ముద్రకే కాలిబ్రేషన్ అని పేరు.

తప్పు కాటాతో వచ్చే ముప్పు

యూవీ మీటరులో ముందు ఓ తెల్లటి బిళ్ల ఉంటుంది. అన్ని వైపుల నుంచి వచ్చే వెలుగునూ సమంగా లోపలికి పంపడం దాని పని. దాని వెనక కావలసిన కిరణాల్ని మాత్రమే వదిలే వడపోత గాజు. ఆ వెనక వెలుగును విద్యుత్తుగా మార్చే చిన్న ముక్క. ఈ మూడూ ఏ కిరణాల్ని కొలుస్తాయో, ఆ కిరణాలే వీటిని నెమ్మదిగా పాడుచేస్తుంటాయి. ఆరుబయట వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ పాలిపోయినట్టు తెల్లబిళ్ల పసుపు తిరుగుతుంది, వడపోత గాజు మసకబారుతుంది. దుమ్ము, వేలిముద్రలు సరేసరి. దాంతో ఏడాదేడాదికీ మీటరు తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. అంకె మాత్రం ఎప్పట్లాగే దర్జాగా వెలుగుతుంటుంది!

దీనివల్ల ఏమవుతుందో లెక్కేసి చూద్దాం. దీపం అసలు బలం 4 మిల్లీవాట్లు. పాత మీటరు 2.8 చూపించింది. డాక్టరు రాసిన మోతాదు 600 మిల్లీజౌళ్లు. పాత మీటరును నమ్మితే 214 సెకన్లు పెడతారు. అసలు ఒంటికి చేరేది 857 మిల్లీజౌళ్లు! నలభై శాతానికి పైగా ఎక్కువ. మీటరే లేకపోతే భయంతో కొద్దికొద్దిగా పెంచేవారేమో. తప్పు మీటరు ఆ భయాన్ని కూడా పోగొడుతుంది.

రెండువైపులా నష్టమే. మీటరు ఎక్కువ చూపిస్తే రోగికి చేరేది తక్కువవుతుంది. కాలదు కానీ గుణమూ ఉండదు. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని నెలల తరబడి తిరిగినవాళ్లు ‘ఈ వైద్యం పనిచేయదు’ అని మానేస్తారు. పనిచేయంది వైద్యం కాదని వాళ్లకు ఎవరు చెబుతారు?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక రకం దీపానికి సరిచూసిన మీటరు మరో రకం దీపం కింద సరిగ్గా చెప్పదు. యూవీఏ కోసం తయారైన మీటరును యూవీబీ పెట్టెలో పెడితే ఏదో ఒక అంకె వస్తుంది, అంతే. ధాన్యం కొలిచే కుంచంతో నూనె కొలిచినట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే కాలిబ్రేషన్ పత్రం మీద తేదీతో పాటు ఏ దీపం కింద సరిచూశారో కూడా ఉండాలి.

కాటాకు కాటా

మరి మీటరు నిజం చెబుతోందని తేల్చేదెవరు? దానికన్నా నమ్మకమైన ఇంకో మీటరు. దానికి? ఇంకా పైది. ఊరి కొట్లో తూకపు రాయిని పట్నంలోని రాయితో, దాన్ని రాష్ట్రంలోని రాయితో, దాన్ని ఢిల్లీలోని రాయితో పోల్చి చూసినట్టే ఇదీ ఓ గొలుసు.

ఆ కుర్రాడు ఏడాదికోసారి తన మీటరును గుర్తింపు పొందిన ల్యాబుకు పంపుతాడు. అక్కడ బలం ముందే కచ్చితంగా తెలిసిన దీపం కింద దాన్ని పెట్టి, ఎంత చూపించాలో, ఎంత చూపిస్తోందో సరిచూస్తారు. తేడా ఉంటే, వచ్చిన అంకెను ఎంతతో గుణించాలో రాసిస్తారు. ఎంతవరకు అటూ ఇటూ ఉండవచ్చో కూడా రాస్తారు. ‘నూటికి నూరుపాళ్లు సరి’ అని రాసే ల్యాబు ఎక్కడా ఉండదు. మంచి పత్రం తన హద్దు తనే చెప్పుకుంటుంది.

ఆ ల్యాబు సాధనాలకు ప్రమాణం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. 1947 జనవరి 4న నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించారు. మన దేశంలో మీటరు, కిలో, సెకను లాంటి ప్రమాణాలకు కాపలాదారు ఆ సంస్థే. వెలుగు కొలతకూ అదే పెద్దదిక్కు.

ఈ గొలుసు చిట్టచివర ఏముంటుందో తెలుసా? ప్రపంచంలోని పెద్ద కొలతల సంస్థల్లో ఓ అపురూపమైన సాధనం ఉంటుంది. లోపల నల్లరంగు పూసిన చిన్న గిన్నెను మైనస్ 270 డిగ్రీల దాపుల్లోకి చల్లబరుస్తారు. అందులోకి వెలుగు పంపితే రవ్వంత వేడెక్కుతుంది. తర్వాత వెలుగు ఆపేసి, సరిగ్గా అంతే వేడెక్కడానికి ఎంత కరెంటు పట్టిందో చూస్తారు. ఆ కరెంటు లెక్కే వెలుగు లెక్క. అంటే కంటికి కనిపించని వెలుగును కూడా ఆఖరికి తేల్చేది అతి సున్నితమైన ఓ థర్మామీటరే! రెంటచింతల పెట్టెలోని సాధనానికి అది దూరపు చుట్టమన్నమాట.

అడగాల్సిన నాలుగు మాటలు

ఇదంతా నిపుణుల గొడవ, మనకెందుకనుకోవచ్చు. కానీ ఆ పెట్టెలో నిలబడేది మనమో, మన పిల్లలో. ఇంట్లో ఎవరైనా వెలుగు చికిత్సకు వెళుతుంటే నాలుగు మాటలు అడగడం తప్పు కాదు. కార్డు మీద నిమిషాలతో పాటు మిల్లీజౌళ్లు కూడా రాస్తున్నారా? దీపాల బలాన్ని చివరిసారి ఎప్పుడు కొలిచారు? కొలిచిన మీటరును సరిచూసి ఏడాది దాటిందా? ట్యూబులు మార్చాక సమయం మళ్లీ లెక్కగట్టారా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. చికిత్స అయిన మర్నాడు చర్మం ఎలా ఉందో గుర్తుపెట్టుకుని తర్వాతిసారి చెప్పడం మన వంతు. లేత గులాబీ రంగు వచ్చి ఇరవై నాలుగు గంటల్లో పోతే పర్వాలేదు. మంట, నొప్పి, బుడగలు ఉంటే మళ్లీ పెట్టెలోకి వెళ్లేముందే డాక్టరుకు చెప్పాలి. ఇంటి దగ్గర సొంతంగా బావంచాలు పూసుకుని మధ్యాహ్నపు ఎండలో కూర్చోవడం మాత్రం వద్దే వద్దు.

ఆ అమ్మాయికి కాలిన చోట మానడానికి రెండు నెలలు పట్టింది. మళ్లీ పెట్టెలోకి వెళ్లనని ఏడ్చింది. వైద్యురాలు బలవంతం చేయలేదు. కుర్రాడి చేత మీటరు తెప్పించి, దీపం బలం ఎంతో, ఇవ్వాల్సింది ఎంతో, ఎన్ని సెకన్లు అవుతుందో కాగితం మీద ఆ అమ్మాయి చేతనే భాగహారం చేయించింది. లెక్కల్లో చురుకైన పిల్ల. యాభై సెకన్లని తేల్చింది. “సరే, యాభై అంకెలు లెక్కపెట్టి బయటికి వస్తా” అని లోపలికి వెళ్లింది.

ఇప్పుడు నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. మోకాళ్ల మీద చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి మచ్చ సగానికి పైగా నిండింది. వేళ్ల కొనల మీద మాత్రం పెద్దగా మార్పు లేదు. అక్కడ వెంట్రుక కుదుళ్లు ఉండవు కాబట్టి రంగు రావడం కష్టమని వైద్యురాలు ముందే చెప్పింది. ఆ సంగతి విన్నాక అమ్మాయి చేతులు దాచుకోవడం మానేసింది. మొన్న మేనమామ కొడుకు పెళ్లిలో వడ్డనకు నిలబడింది. నెయ్యి గరిటె పట్టుకున్న ఆ వేళ్లవైపు ఒకరిద్దరు ఇబ్బందిగా చూశారు. మొదటి విస్తరి దగ్గర కూర్చుని ఉన్న నాయనమ్మ గట్టిగా పిలిచింది.

“ఇటురా అమ్మాయ్, ముందు నాకు వెయ్యి.”